ఎండకు ఎదురుగా వేసిన కుర్చీ

నార్వే ఉత్తర తీరంలోని షెల్‌వొల్ అనే రేవు ఊళ్ళో సూర్యుణ్ణి ఇంటికి వచ్చే చుట్టంలాగానే చూస్తారు. నవంబరు చివరలో దక్షిణపు కొండ వెనక్కి వెళ్ళిన ఆ చుట్టం, మళ్ళీ ఫిబ్రవరి మొదటి వారంలో గాని ముఖం చూపించడు. చూపించిన రోజున బడికి సెలవు. బేకరీలో జామ్ కూరిన గుండ్రటి బన్నులు పది గంటలకే అయిపోతాయి. ఊరంతా రేవు గట్టు మీద నిలబడి, కొండ అంచున బంగారు గీత మెరిసిన క్షణాన, ఎవరో చెప్పినట్టుగా అందరూ ఒక్కసారే బన్ను కొరుకుతారు. ఆనాటి నుంచి ఈస్టరు దాకా పగటిపూట ఎవరూ కిటికీ తెర దించరు. ఎవరైనా దించితే, ఆ ఇంట్లో ఒకరు మంచాన పడ్డారని తలచి ఎదురింటివారు చేపల సూపు గిన్నెతో వచ్చి తలుపు తడతారు.

అటువంటి ఊళ్ళో హాల్దిస్ మ్యూర్‌వాంగ్ నలభై ఆరేళ్ళపాటు ఎండ చొరని గదిలో కూర్చొని ఉద్యోగం చేసింది.

ఊరి పత్రికలో ఆమె ప్రూఫులు దిద్దేది. మేడ మీద వెనకవైపు గది; ఉత్తరానికి ఒకే ఒక పొడవాటి కిటికీ; కిటికీ అవతల చేపల గిడ్డంగి తాలూకు బూడిదరంగు గోడ, దాని పైన నాలుగు వేళ్ళ వెడల్పున ఆకాశం. ఆ గదిలోకి వచ్చే వెలుగులో ఏ పూటా హెచ్చుతగ్గులు ఉండేవి కావు. కాగితం మీద మెరుపుండేది కాదు, చేతి నీడ పడేది కాదు. అక్షరాలు వరుసలో నిలబెట్టిన బడిపిల్లల్లా కుదురుగా కనిపించేవి. కానీ ఊరివారి దృష్టి ఆ కుదురు మీద పడలేదు. ఎండ లేకపోవడం ఒక్కటే వారికి కనిపించింది. ‘పాపం హాల్దిస్’ అన్న మాట ఆమెకు ఇంటిపేరులా అతుక్కుపోయింది. ఆ జాలితో ఆమె ఎన్నడూ తగవు పెట్టుకోలేదు. జాలి ఎప్పుడూ కాఫీతోను, కేకు ముక్కతోను కలిసి వచ్చేది. కేకు ముక్కతో ఎవరు తగవు పెట్టుకుంటారు?

ఆమె దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. దాని పేరు తప్పుల పుస్తకం. అచ్చులోకి జారిపోయిన ప్రతి తప్పునూ అందులో నాలుగు గళ్ళలో రాసేది: తేదీ, వాతావరణం, తప్పు, కారణం. వాతావరణం ఎందుకని కొత్తగా వచ్చిన విలేకరులు నవ్వేవారు. తుఫాను రోజున పడవలు ఆలస్యమవుతాయి, వార్తలు ఆలస్యంగా వస్తాయి, తొందరలో తప్పులు దొర్లుతాయి. కాబట్టి వాతావరణం రాయవలసిందే అని ఆమె ఓపికగా చెప్పేది. కారణం గడి నిండేదాకా ఆమె దృష్టిలో ఏ తప్పూ తీరినట్టు కాదు. ఒకసారి ఒక తప్పిపోయిన కామాకు కారణం దొరకక పదకొండు రోజులు భోజనం సయించలేదు. చివరకు అచ్చుయంత్రం పనివాడికి ఆ పూట పన్నునొప్పి అని తేలాక, ఆ సంగతి గడిలో రాసి, తృప్తిగా రెండు వాఫుల్సు తిన్నది.

ఊరంతా చెప్పుకొనే తప్పు మాత్రం ఆమె అచ్చు కాకుండా ఆపినది. ఓద్‌వార్ అనే పడవ సరంగు ఫొటో కింద ‘ఈ ఏటి అతిపెద్ద హాలిబట్ చేప, నూట నలభై రెండు కిలోలు’ అని, చేప ఫొటో కింద ‘మన ఊరి గర్వకారణం, ఇంకా అవివాహితుడు’ అని కూర్పు జరిగింది. ఆమె పెన్సిలు ఆ రెండింటినీ తారుమారు చేసి ఊరి పరువు నిలబెట్టింది.

“ఎందుకు దిద్దావే తల్లీ, అలాగే వదిలేస్తే ఆ చేపకైనా సంబంధం కుదిరేది” అని ఓద్‌వార్ ఇప్పటికీ దెప్పుతాడు. అతనికి డెబ్బై నాలుగేళ్ళు. నేటికీ అవివాహితుడే.

ఆ ఊళ్ళో అందరూ అందరినీ పేరుతో, నువ్వు అనే పిలుస్తారు. మర్యాదను పిలుపులో కాక, కాఫీ పోసేటప్పుడు చూపిస్తారు.

హాల్దిస్ అరవై ఏడో ఏట, జూన్‌లో ఉద్యోగం విరమించింది. సెప్టెంబరులో ఊరి గ్రంథాలయం నడిపే ఇంగ్‌విల్ ఇంటికి వచ్చి, “ప్రతి బుధవారం పదకొండింటికి ఒక నవల పైకి చదివిపెట్టు. అల్లుకునేవాళ్ళు అల్లుకుంటూ వింటారు, నిద్రపోయేవాళ్ళు నిద్రపోతూ వింటారు” అని అడిగింది. హాల్దిస్ ఒప్పుకొంది. పఠన మందిరంలో లోపలివైపు బల్ల దగ్గర, దీపం కింద కూర్చొని, చీకటి నెలలన్నీ చదివింది. ఒక్క మాట తడబడలేదు. పన్నెండుమందితో మొదలైన శ్రోతలు క్రిస్మస్ నాటికి ఇరవై ఆరుగురయ్యారు. ఒక్కతే ఉండే ఆమె ఇంట్లో వారానికి ఆరు రోజులు బుధవారం కోసం ఎదురుచూడటంతోనే గడిచేవి. తన గొంతును పైకి వినడం నలభై ఆరేళ్ళలో ఆమెకు అదే మొదలు. ఆ గొంతు బాగుందని ఆమె ఎవరితోనూ అనలేదు గాని, అనుకొంది.

సూర్యుడు వచ్చిన రోజున ఊరు ఆమెకు ఒక కానుక ఇచ్చింది. ఓద్‌వార్ తన పాత పడవ చెక్కలతో స్వయంగా చేసిన కుర్చీ అది. వెనక పలక మీద ఇత్తడి రేకు, రేకు మీద అక్షరాలు: ‘నలభై ఆరేళ్ళు ఎండ చూడని హాల్దిస్‌కు, ఇక చాలినంత.’ ఆ కుర్చీని నలుగురు మోసుకొచ్చి, పఠన మందిరంలో దక్షిణపు పెద్ద కిటికీకి సరిగ్గా ఎదురుగా వేశారు. శ్రోతలు కిటికీకి వీపు పెట్టి, ఆమె వైపు తిరిగి కూర్చోవాలని నిర్ణయమైంది.

“ఇకనుంచి ఎండంతా నీ మొహం మీదే” అన్నాడు ఓద్‌వార్. “మాకు వీపు చాలు.”

ఇంత ప్రేమగా ఇచ్చినదాన్ని ఎవరు కాదనగలరు? హాల్దిస్ కూర్చొంది. కుర్చీ హాయిగా ఉంది. కిటికీ నిండా మంచు కప్పిన ఒడ్డు, అద్దంలాంటి నీళ్ళు, నీళ్ళ అవతల కొండ అంచున సూర్యుడు.

మొదటి బుధవారం ఆకాశం నిర్మలంగా ఉంది. కొత్త నవలలో ఒక పాస్టరు, అతనికొక ఆవు, ఎదురింట ఒక వితంతువు. గ్రంథాలయం కొత్తగా తెప్పించిన ప్రతి అది. కాగితం నున్నగా, మెరుస్తూ ఉంది. పుస్తకం నిలబెట్టి పట్టుకుంటే పుట తన నీడలో తానే పడి, వెనక ఉన్న వెలుగు ముందు మసిగుడ్డలా నల్లబడేది. ఒళ్ళో పడుకోబెడితే కాగితం మీద ఎండ తళుక్కుమని, సగం వాక్యం అందులో కరిగిపోయేది. హాల్దిస్ కళ్ళు చికిలించి, నుదురు ముడిచి, నెట్టుకొచ్చింది. మూడో పుటలో ఇలా చదివింది:

“పాస్టరు ఆ సాయంత్రమే, కొట్టంలో ఉన్న ఒంటికొమ్ము ఆవును, నన్ను పెళ్ళాడతావా అని అడిగాడు.”

అల్లిక సూదులు ఆగాయి.

“అదేమంది?” అన్నాడు ఓద్‌వార్.

మందిరమంతా నవ్వింది. హాల్దిస్ పుట మీదికి వంగి, వేలితో వరుస వెతుక్కొంది. నడుమ ఒక వరుస జారిపోయింది. పాస్టరు ఆ ఆవును పొరుగువాడికి అప్పగించి, తల దువ్వుకొని, వితంతువు ఇంటికి వెళ్ళి అడిగాడు. ఆమె దిద్దుకొని మళ్ళీ చదివింది. కానీ ఆ పూట మరో మూడుచోట్ల తడబడింది.

అందరితో కలిసి తానూ నవ్విన మాట నిజమే. అయితే ఇంటికి వెళ్ళాక తప్పుల పుస్తకం తీసింది. ఎనిమిది నెలలుగా దాని అవసరం పడలేదు. కొత్త పుట మీద తేదీ వేసి, అలవాటు చొప్పున వాతావరణం గడిలో ‘నిర్మలం’ అని, తప్పుల గడిలో ‘నాలుగు’ అని రాసింది. కారణం గడి ఖాళీగా ఉండిపోయింది.

మరుసటి బుధవారం మబ్బు పట్టింది. తప్పులు సున్న. ఆమె ప్రాణం కుదుటపడింది. ఆ పై బుధవారం మళ్ళీ ఎండ. ఆనాడు తొమ్మిది తప్పులు, కణతల్లో పోటు, పైగా కళ్ళవెంట ఆగని నీళ్ళు. పాస్టరు రాసిన ప్రేమలేఖ చదువుతూ ఆమె కన్నీళ్ళు పెట్టుకుందని శ్రోతలు కరిగిపోయారు. బెర్గ్‌లియోట్ అనే ముసలావిడ అల్లుతున్న మేజోడుతోనే ముక్కు తుడుచుకొంది.

“ఎంత చక్కగా ఏడ్చావే” అని పోతూ పోతూ ఆమె హాల్దిస్ భుజం తట్టింది. “మాటలు సరిగ్గా వినబడలేదుగాని, ఏడుపు మాత్రం బాగా అర్థమైంది.”

ఎండ మీద అనుమానపడటం ఆ ఊరివారి రక్తంలో లేదు. తలనొప్పి వస్తే చేప పాతదంటారు, కళ్ళు మండితే పొయ్యి పొగంటారు. హాల్దిస్ కూడా ఆ ఊరి మనిషే. తప్పు తనదైతే కారణం తనలోనే ఉండాలని నిశ్చయించుకొని, ఆ శుక్రవారమే ఫెర్రీ ఎక్కి, రెండు గంటల దూరంలో ఉన్న పట్నంలో కళ్ళు పరీక్షించే అమ్మాయి దగ్గరకు వెళ్ళింది. తెరలు దించిన చీకటి గదిలో, గోడ మీద వెలిగే పలకపై అక్షరాలను పై వరుస నుంచి కింది వరుస దాకా చదివింది. కింది వరుస కింద అతి చిన్నగా ఉన్న ముద్రాపకుని చిరునామా కూడా చదివి, అందులో ఒక చుక్క లోపించిందని చెప్పింది.

ఆ అమ్మాయి పలక దగ్గరకు వెళ్ళి, ముక్కు ఆనించి చూసి వచ్చింది.

“నీ కళ్ళకేం లేదు. నీ వయసుకి రవ్వంత మసకుంటుంది, అది అందరికీ ఉండేదే. నాకంటే నువ్వే బాగా చూస్తున్నావు.”

మరొకరైతే ఎగిరి గంతేసేవారు. హాల్దిస్ తిరుగు ఫెర్రీలో కిటికీ పక్కన కూర్చొని, చల్లారిన కాఫీ పట్టుకొని, ఒకే లెక్క మళ్ళీ మళ్ళీ వేసుకొంది. కళ్ళు బాగున్నాయంటే, వరుసలు జారిపోవడం కళ్ళలో లేదు. కళ్ళలో లేకపోతే, ఇక మిగిలింది తల. ఆమె తల్లికి చివరి ఏళ్ళలో మొదలైంది కూడా ఇలాగే. చర్చిలో కీర్తన పాడుతూ పాడుతూ ఒక చరణం వదిలి మరో చరణంలోకి వెళ్ళిపోయేది, అందరూ నవ్వేవారు, రెండేళ్ళకు కూతురి పేరు మరిచిపోయింది.

ఆ తరువాతి బుధవారం మంచు కురిసింది. ఆమె ఒక్క తప్పు లేకుండా చదివింది. అదీ ఆమెకు ఊరటనివ్వలేదు. తల్లికి కూడా మధ్య మధ్య మంచి రోజులు వచ్చేవి. అల్లికలు సర్దుకొని అందరూ వెళ్ళిపోయాక ఇంగ్‌విల్ దగ్గరకు వెళ్ళింది.

“వచ్చే వారం నుంచి ప్రెబెన్‌ను చదవమను.”

“ప్రెబెన్‌నా?” ఇంగ్‌విల్ కళ్ళద్దాలు పైకి నెట్టుకొంది. “అతను చదివితే అందరూ సామాను సర్దుకొని దిగడానికి లేస్తారు.”

ప్రెబెన్ ముప్పై ఏళ్ళపాటు ఫెర్రీలో, రాబోయే రేవుల పేర్లు ప్రకటించిన మనిషి. గొంతు గంభీరం. ఏ వాక్యమైనా అతని నోట ‘దిగవలసినవారు ఎడమవైపు ద్వారం వద్దకు రావలెను’ అన్నట్టే వినిపించేది. ఆవు పెళ్ళి నాటి నుంచి అతను, అవసరమైతే తాను సిద్ధంగా ఉన్నానని ప్రతివారం ఎవరో ఒకరితో అంటూనే ఉన్నాడు.

“అసలెందుకు మానెయ్యడం? ఒకటి రెండు మాటలు అటూ ఇటూ అయితే ఏం పోయింది? మాకు నువ్వు చదివితేనే బాగుంటుంది.”

“ఒకటి రెండు కాదు, పదమూడు. కారణం తెలియని తప్పుల్ని నలుగురిలో కూర్చొని చెయ్యలేను, ఇంగ్‌విల్. నన్ను అడగొద్దు.”

ఇంగ్‌విల్ మరి అడగలేదు. కాఫీ మాత్రం కప్పు అంచు దాకా పోసింది.

మార్చి రెండో బుధవారం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ప్రెబెన్ మెడకు కొత్త మఫ్లరు చుట్టుకొని వచ్చి, ఎండకు ఎదురుగా ఉన్న కుర్చీలో విశాలంగా కూర్చొని, రెండు చేతులా పుస్తకం ఎత్తి పట్టుకున్నాడు. హాల్దిస్ రాకూడదనే అనుకొంది. కానీ రాకపోతే జబ్బు చేసిందనుకొని సూపు గిన్నెలు బయలుదేరతాయి. అందుకని వచ్చి, ఎవరి కంటా పడని చోటు వెతుక్కొని, పక్క గోడ వారగా పటాల అర దగ్గర ఒక చెక్క స్టూలు మీద కూర్చొంది. పెద్ద కిటికీ ఆమె ఎడమవైపుకు వచ్చింది. గ్రంథాలయంలో ఆ నవలకు రెండు ప్రతులున్నాయి. రెండోదాన్ని ఒళ్ళో తెరిచింది, పెన్సిలు చేతిలోకి అదే వచ్చింది. నలభై ఆరేళ్ళ అలవాటు అంత సులభంగా విరమిస్తుందా?

తెరిచిన పుట మీదికి చూసి, ఆమె ఒక్క క్షణం ఆగిపోయింది.

అక్షరాలు వరుసలో నిలబడి ఉన్నాయి. ఎడమ భుజం మీదుగా జారిన వెలుగు పుట మీద పలచగా పరుచుకొని ఉంది. మెరుపు లేదు. నీడ లేదు. మేడ మీది వెనక గది, బూడిదరంగు గోడ, నాలుగు వేళ్ళ ఆకాశం ఆమెకు గుర్తొచ్చాయి. పాత ఉద్యోగం మీద బెంగ కాబోలు అనుకొని ముందుకు చదివింది. ఒక పుట, రెండు పుటలు. కళ్ళు ఎక్కడా ఆగలేదు.

ఆగింది ప్రెబెన్. పన్నెండో వాక్యం దగ్గర గొంతు సవరించుకున్నాడు. పుస్తకం కిందికి దించాడు, పైకి ఎత్తాడు, కాస్త పక్కకు వంచాడు. తరువాత రేవు పేరు చెప్పినంత ధీమాగా ప్రకటించాడు:

“వితంతువు నవ్వి, ఆయన కోసం దాచి ఉంచిన పెద్ద కాడ్ చేపను గట్టిగా కౌగిలించుకొంది.”

“తప్పేముంది?” అన్నాడు ఓద్‌వార్. “వేట బాగున్న ఏడాది నేనూ కౌగిలించుకున్నాను.”

మందిరం నవ్వుతో ఊగిపోయింది. హాల్దిస్ నవ్వలేదు. ఆమె వేలు ఒళ్ళోని పుట మీద, జారిపోయిన వరుస మీద ఉంది: చేపను పొయ్యి మీదికి ఎక్కించి, చేతులు తుడుచుకొని, పాస్టరును. ఆవు పెళ్ళినాడు తాను వదిలినట్టే, ప్రెబెన్ సరిగ్గా నడిమి వరుసను వదిలాడు. ప్రెబెన్‌కు ఆమె తల్లితో ఏ చుట్టరికమూ లేదు. అతని తలలో ఫెర్రీ సమయాలు ముప్పై ఏళ్ళవి నేటికీ వరుస తప్పకుండా ఉన్నాయి.

ఆమె సంచిలోంచి తప్పుల పుస్తకం తీసింది. నాలుగు బుధవారాలు, నాలుగు వరుసలు. తప్పుల గడిని ఈ నెల రోజులుగా ఎన్నిసార్లో చూసింది. ఆ పక్క గడిని ఒక్కసారీ చూడలేదు. నిర్మలం, నాలుగు. మబ్బు, సున్న. నిర్మలం, తొమ్మిది. మంచు, సున్న. ఆమె తలెత్తింది. కుర్చీలో ప్రెబెన్ కళ్ళు చికిలించి, నుదురు ముడిచి, చెంపల మీదికి కారుతున్న నీళ్ళను మఫ్లరుతో తుడుచుకుంటున్నాడు.

“ఎంత చక్కగా ఏడుస్తున్నాడో” అని బెర్గ్‌లియోట్ పక్కావిడ చెవిలో అంది.

“నేను ఏడవటం లేదు” అన్నాడు ప్రెబెన్.

కారణం దొరికింది. గుండె మీది బరువు దిగిపోయినంత వేగంగా మరో బరువు ఎక్కింది. ఈ కారణాన్ని పైకి చెప్పడం ఎలా? రెండు నెలలు చీకట్లో ఎదురుచూసి, బన్నులు పంచి స్వాగతం పలికిన చుట్టాన్ని, నువ్వు అడ్డుగా ఉన్నావు అనడం ఎలా? ఆ కుర్చీ చెక్కలను ఒక్కొక్కటీ చేత్తో చిత్రిక పట్టిన ఓద్‌వార్ ఎదురుగానే కూర్చొని ఉన్నాడు. చెప్పకపోతే మాత్రం బుధవారాలు పోతాయి. ప్రెబెన్ ఈస్టరు దాకా చేపల్ని కౌగిలిస్తూనే ఉంటాడు. పైగా, తెలిసిన కారణాన్ని గడిలో రాయకుండా వదలడం హాల్దిస్ జీవితంలో లేదు.

ఆమె లేచి నిలబడింది.

“ప్రెబెన్, ఒక్క నిమిషం ఆగు. తప్పు నీది కాదు.” ఆమె కిటికీ వైపు చూపించింది. “నాదీ కాదు. ఎండ ఎక్కువైంది.”

షెల్‌వొల్ ఊళ్ళో ఆ రెండు మాటలను పక్కపక్కన పెట్టి ఎవరూ, ఏ కాలంలోనూ పలికి ఉండరు. అల్లిక సూదులు ఆగిపోయాయి. హాల్దిస్ తప్పుల పుస్తకం తెరిచి, నాలుగు వరుసలూ తేదీలతో సహా చదివింది. చదవడంలో ఎక్కడా తడబడలేదు.

“కుర్చీ చాలా బాగుంది, ఓద్‌వార్. ఇంత మంచి కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు. కానీ దాంట్లో కూర్చుంటే ఎండ తప్ప ఇంకేమీ కనపడదు. కోపం తెచ్చుకోకు.”

ఓద్‌వార్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“నలభై ఏళ్ళు పడవ నడిపాను” అన్నాడు. “మార్చిలో పొద్దున్నే బయలుదేరితే ఎదురెండ. టోపీ అంచు ముక్కు దాకా లాక్కునేవాణ్ణి. అయినా ఒకసారి మా బావగారి పడవను రేవు స్తంభమనుకొని తాడు కట్టాను. తీరా వెళ్ళి నీ మొహానికి సరిగ్గా సూర్యుణ్ణి గురిపెట్టి కుర్చీ వేశాను. నా ఫొటో కింద ఆ చేప పేరే ఉంచేసి ఉండాల్సింది.”

“నేనూ ఒకటి చెప్పాలి” అంది ఇంగ్‌విల్, బల్ల వెనక నుంచి. ముఖం ఎర్రబడింది. “ఫిబ్రవరి నుంచి ఈస్టరు దాకా ఈ కంప్యూటరు తెర మీద నాకు ఒక్క అక్షరం కనపడదు. పదకొండేళ్ళుగా అంతే. పుస్తకాలు అట్ట రంగు చూసి ఇస్తున్నాను.”

“అదా సంగతి” అంది బెర్గ్‌లియోట్. “వంటల పుస్తకం అడిగితే పడవ ఇంజన్ల పుస్తకం ఇచ్చావు. చదివాన్లే. బాగానే ఉంది.”

ఇక వరుస కట్టాయి ఒప్పుకోళ్ళు. వీపు మాడిపోతోందని ఇద్దరు, కుట్లు లెక్కపెట్టలేక మేజోళ్ళు ఒకటి పొడుగు ఒకటి పొట్టి అవుతున్నాయని ముగ్గురు. ఇన్నేళ్ళూ చుట్టం ముందు కాళ్ళు చాపుకోవడానికి మొహమాటపడినట్టు, ఎండ ముందు కళ్ళు మూసుకోవడానికి అందరూ మొహమాటపడ్డారు. గ్రంథాలయం కట్టిన రోజున ఆ కిటికీకి తగిలించమని వచ్చిన పైకి చుట్టుకునే తెల్లటి తెర, అట్టపెట్టెలోనే, తాళ్ళయినా విప్పకుండా అటక మీద ఉందని కూడా ఇంగ్‌విల్ బయటపెట్టింది.

“తగిలించి దించేద్దామా మరి?” అని ఎవరో అన్నారు గాని, ఆ మాటకు మందిరం మళ్ళీ బిగుసుకుపోయింది. కాలం ఎంత మారినా, మార్చిలో ఆ పని చేయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

“తెర ఎందుకు?” అంది హాల్దిస్. “వచ్చిన చుట్టాన్ని బయటికి పొమ్మనక్కర్లేదు. మనం కాస్త పక్కకు జరిగితే చాలు. కుర్చీకి కాళ్ళున్నాయి కదా.”

ఓద్‌వార్, మరో ముగ్గురు కలిసి కుర్చీ ఎత్తారు. హాల్దిస్ వేలితో చూపించిన చోట, పటాల అర పక్కన, కిటికీ ఎడమ భుజానికి వచ్చేటట్టు దించారు. ఇంకొంచెం వెనక్కి అంది, జరిపారు. ఒక బెత్తెడు కుడికి అంది, జరిపారు. ఒక జానెడు ముందుకు అనేసరికి ఓద్‌వార్ నడుము పట్టుకొని, “ఇది కుర్చీనా, కామానా?” అని అడిగాడు. శ్రోతలు కూడా తమ కుర్చీలు తిప్పుకున్నారు; ఎండ ఇప్పుడు ఎవరి ముఖం మీదా, ఎవరి వీపు మీదా కాక, అందరి నడుమ నేల మీద నీలం తివాచీ అంతటా పరుచుకొంది. అక్కడ ఉండటమే దానికీ బాగున్నట్టు కనిపించింది.

ప్రెబెన్ మాత్రం కిటికీ ఎదుట ఒక మామూలు కుర్చీ లాక్కొని, మఫ్లరు విప్పి, కళ్ళు మూసుకొని ఎండలో కూర్చున్నాడు.

“చదవాల్సిన పని లేకపోతే ఇదే మంచి చోటు” అన్నాడు. “కొత్త అధ్యాయం వచ్చినప్పుడు చెప్పండి, నేను ప్రకటిస్తాను.”

అందుకు అందరూ ఒప్పుకున్నారు. అతను కళ్ళు తెరవకుండానే, మందిరం అదిరేటట్టు, “అధ్యాయం ఏడు” అన్నాడు. ఇద్దరు ముసలివాళ్ళు అలవాటుగా సంచులు అందుకొని, మళ్ళీ కింద పెట్టారు. హాల్దిస్ పుస్తకం తెరిచింది. వితంతువు చేపను పొయ్యి మీదికి ఎక్కించి, చేతులు తుడుచుకొని, కౌగిలించుకోవలసినవారినే కౌగిలించుకొంది. పన్నెండు గంటలు కొట్టినా ఎవరూ లేవలేదు. ఒంటిగంట దాకా చదివింది. ఆ పూట బెర్గ్‌లియోట్ ఏడ్చింది కథను విని.

ఇంటికి వెళ్ళి, బంగాళదుంపలు పొయ్యి మీద పెట్టి, హాల్దిస్ తప్పుల పుస్తకం తీసింది. ముందుగా పాత వరుసల్లో ఖాళీగా ఉన్న రెండు కారణం గడుల్లోనూ ‘ఎండ’ అని రాసింది. చిన్న మాట, గడిలో ఇంకా బోలెడంత చోటు మిగిలింది. తరువాత ఆ రోజు తేదీ వేసి, వాతావరణం కింద ‘నిర్మలం’ అని రాసి, ఒక్క క్షణం ఆలోచించింది. న్యాయంగా ఉండాలి కదా. తప్పుల గడిలో ‘ఒకటి’ అని వేసింది.

కారణం గడిలో ఇలా రాసింది: ‘నూట పద్నాలుగో పుట, కింది నుంచి మూడో వరుస, కామా రెండుసార్లు పడింది. నాది కాదు, అచ్చువారిది. రేపు ఉత్తరం రాయాలి.’